చుక్క వేలాడే చోటు

మనిషి తాను బిగించిన ముడిని తానే మరచిపోతాడు. తరువాత ఎప్పుడో దానిని విప్పబోయి, విప్పలేక, ఎవడు బిగించాడో అని లోకం మీద కోపగించుకుంటాడు. ఈ మాట నేను ఏ గ్రంథంలోనూ చదివినది కాదు. మా ఇంటి ముంగిట, పాత కారు క్రింద వెల్లకిల పడుకొని, కన్నుల్లో మట్టి రాలుతుండగా నేర్చుకున్నది. యాభై అయిదేళ్ళు దాటిన వాడు, ఎం.ఏ. చదివిన వాడు, జీవితమంతా రెండు భాషల నడుమ మాటలు మోసిన వాడు ఒక బోల్టు దగ్గర ఈ పాఠం నేర్చుకోవలసి వచ్చిందా అని పాఠకులు నవ్వవచ్చు. నవ్వదగినదే. కాని నవ్వుతో పోయేది మాత్రమే అయితే నేను ఇది వ్రాయకపోదును.

నేను ముప్పై యేళ్ళుగా భోపాలులో ఉంటున్నాను. హిందీనుండి తెలుగులోకీ, తెలుగునుండి హిందీలోకీ అనువాదాలు చేయడం నా వృత్తి. మాకొక చిన్న పాత కారు ఉన్నది. మూడు సిలిండర్ల బండి. మరొకరి వద్ద కొన్నది. నా భార్య దానిని 'ముసలి గుఱ్ఱం' అంటుంది. దానికి ఏడాదికొకసారి ఇంజను నూనె మార్చవలసి ఉంటుంది.

ఆ పని ఎరుగని వారి కొరకు రెండు మాటలు చెబుతాను. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి ఒకటి ఉంటుంది. ఇక్కడి మెకానిక్కులు దానిని 'చాంబరు' అంటారు. ఆ తొట్టిలో అన్నిటికంటే పల్లమైన చోట ఒక బోల్టు బిగించి ఉంటుంది. దాని తల క్రింద మెత్తని లోహపు వాషరు ఉంటుంది. బోల్టు బిగిసినకొద్దీ వాషరు నలిగి, సందు లేకుండా కరచుకొని, నూనెను ఆపుతుంది. బోల్టు విప్పితే పాత నూనె దిగిపోతుంది. మరల బిగించి, పైనుండి కొత్త నూనె పోయాలి. పని ఇంతే. ఇంత చిన్న పనికి ఒకరి దుకాణం చుట్టూ తిరగడమెందుకని, పోయిన డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం నేనే పూనుకున్నాను. ఒకరి దుకాణానికి పోకూడదనుకోవడానికి మరొక కారణం కూడా ఉన్నది. దానిని తరువాత చెబుతాను.

జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. చల్లని నూనె చిక్కగా ఉండి సరిగా దిగదు గనుక, బండిని కొంతదూరం నడిపి వచ్చి, కాలకుండా వెచ్చగా ఉండేవరకు ఆగాను. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందకు దూరడం ప్రాణాపాయం గనుక, మందమైన సాలకర్ర దిమ్మలను వాలుగా పేర్చి ముందు చక్రాలను వాటి మీదికి ఎక్కించాను. వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాను. పాత దుప్పటి పరచుకొని, పానా చేతబట్టి లోపలికి జరిగాను.

బోల్టు కదలలేదు.

ఏ దిక్కుకు త్రిప్పుతున్నానో నాకే అనుమానం కలిగింది. తలక్రిందులుగా ఉన్న వస్తువును చూచినప్పుడు కుడి ఎడమలు కలగాపులగమవుతాయి. బయటకు వచ్చి, ఒక నీళ్ళ సీసాను బోర్లా పట్టుకొని, ముఖానికి పైగా ఎత్తి, మూత ఎటు త్రిప్పితే వదులవుతుందో చూచుకున్నాను. నేను త్రిప్పుతున్నది సరియైన దిక్కే. మరల లోపలికి పోయి బలం పెట్టాను. పానా జారింది. నా చేతి కణుపులు చాంబరుకు తగిలి చర్మం లేచిపోయింది. గుడ్డతో తుడిచి చూద్దును గదా, బోల్టు తలకు ఉన్న ఆరు మూలలలో రెండు నున్నగా అరిగిపోయినాయి. తుప్పు వదిలించే నూనె పిచికారీ చేసి, అరగంట ఆగి, కాఫీ త్రాగి వచ్చాను. ఫలితం లేదు. ఆ పిచికారీ ఎందుకు పనిచేయలేదో నాకు సాయంకాలానికి గాని తెలియలేదు. ఏడాది పొడుగునా నూనెలోనే నానుతున్న బోల్టుకు నూనె కరవై పట్టు పడుతుందా? దానిని పట్టుకున్నది తుప్పు కాదు.

మూడవసారి పానా జారినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. "ఎవడయ్యా దీనిని ఇంతగా బిగించినవాడు!" అని బండి క్రిందనుండే గట్టిగా అన్నాను.

ముంగిట ముగ్గు వేస్తున్న నా భార్య తల ఎత్తకుండానే, "పోయిన సంక్రాంతికి ముందు మీరే కదండీ, మేడమీది ఇనుప గొట్టం దింపి తెచ్చి బిగించారు?" అన్నది.

నేను చాలాసేపు బండి క్రిందనే ఉండిపోయినాను. పని ఉండి కాదు. బయటకు రావడానికి ముఖం చెల్లక.

అంతకు ముందటి ఏడు జరిగిన సంగతి ఇది. పాత నగరానికి పోయే దారిలో ఒక వేపచెట్టు క్రింద వృద్ధుడైన మెకానిక్కు ఒకడు పని చేస్తాడు. అందరూ ఆయనను 'ఉస్తాద్' అంటారు. నేనూ అంతే. ఆ ఏడు నూనె మార్చినది ఆయనే. వారం తిరక్కుండానే మా ముంగిట నేల మీద నల్లని చుక్కలు కనిపించసాగినాయి. తెల్లవారి నా భార్య వేసిన ముగ్గు నడుమ, సరిగా పద్మం మధ్యలో, నూనె చుక్క పడి ఉండేది. వంగి చూచాను. బోల్టు తల కొసన ఒక చుక్క వేలాడుతున్నది. ఇంకేమి కావాలి? బోల్టు వదులుగా బిగించాడు, ముసలితనం వచ్చింది, చేతులలో బిగువు తగ్గింది, పని మీద శ్రద్ధ పోయింది అని అక్కడికక్కడే తీర్పు చెప్పుకున్నాను.

ఆ తీర్పును పట్టుకొని ఆయన దుకాణానికి పోయినాను. ఆయన వద్ద అప్పుడు ఇద్దరు కుఱ్ఱవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. వాళ్ళ యెదుటనే, "నలభై యేళ్ళ పనితనం ఇదేనా ఉస్తాద్?" అన్నాను. ఆయన బండి క్రిందకు వంగి చూచి, లేచి, చేతులు తుడుచుకొని, "బాబూజీ, చుక్క వేలాడేది అడుగునే. గాయం పైన ఎక్కడో ఉంటుంది. బండిని ఒక పూట వదిలి వెళ్ళండి, చూస్తాను" అన్నాడు. ఆ మాట నాకు తప్పించుకునే మాటగా తోచింది. మాటలు ఎరిగినవాడిననే అహంకారం నాకు ఉన్నది గదా! ఇది వాక్చాతుర్యమని నిర్ణయించి, ఇంకా రెండు పరుషవాక్యాలు పలికాను. ఆయన మారు పలుకలేదు. జేబులోనుండి వారం క్రిందట నేనిచ్చిన కూలి డబ్బు తీసి బండి ముందు రేకు మీద పెట్టాడు.

నేను ఆ డబ్బు తీసుకున్నాను. ఈ వ్యాసంలో అన్నిటికంటే కష్టపడి వ్రాసిన వాక్యం ఇదే.

ఇంటికి వచ్చి, పానాకు ఇనుప గొట్టం తొడిగి బోల్టును బిగించాను. ఆ చేసిన పని ఎటువంటిదో ఇప్పుడు లెక్క వేసి చూపగలను. ఇటువంటి బోల్టులకు సాధారణంగా 30 నుండి 40 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. అనగా 20 సెంటీమీటర్ల పానా కొసన సుమారు 18 కిలోల బరువు వేలాడదీసినంత. ఒక మీటరు గొట్టం తొడిగితే, అదే చేయి, అదే బలం, అయిదింతల బిగువు పుట్టిస్తుంది. చేసిన చేతికి తెలియనే తెలియదు. గొట్టంలోని మోసం అదే. అంతేకాదు, మనం త్రిప్పే బలంలో పదింట తొమ్మిది పాళ్ళు తల క్రిందా మరచుట్ల మీదా రాపిడికే ఖర్చవుతాయని ఇంజనీర్లు చెబుతారు. నిజంగా వస్తువును పట్టి ఉంచేది మిగిలిన ఒక్క పాలే. ఆనాడు నేను పెట్టిన బలంలో అధికభాగం నా కోపం వలెనే రాపిడిలో పోయింది. మిగిలినది వాషరును పిండి చేసింది.

ఇంత చేసినా చుక్క ఆగలేదు. ఆగకపోయేసరికి నా తీర్పు తప్పేమో అని తోచవలసినది. తోచలేదు. ఒక రేకు డబ్బా తెచ్చి చుక్క పడే చోట పెట్టి, ముగ్గును రెండడుగులు ప్రక్కకు జరుపుమని భార్యతో చెప్పి, నా పనిలో పడ్డాను. అంతటితో ఊరుకున్నానా? ఎదురింట ఉండే పదవీవిరమణ చేసిన బ్యాంకు ఉద్యోగితోనూ, మా వరుసలోనే ఉండే కళాశాల అధ్యాపకుడితోనూ, ఉస్తాద్ పని మునుపటివలె లేదని చెప్పాను. వాళ్ళిద్దరూ ఆయన వద్దకు పోవడం మానుకున్నారు.

ఇదీ నేను బండి క్రింద పడుకొని జ్ఞాపకం చేసుకున్నది. బయటకు వచ్చిన తరువాత నాకు రెండు దారులు కనిపించినాయి. బండి నడుస్తూనే ఉన్నది. దిమ్మల మీదనుండి దింపి, నన్నెరుగని ఏదో ఒక దుకాణానికి తీసుకొనిపోతే, నాలుగు రూపాయలు ఎక్కువైనా అరిగిన బోల్టు తీసి కొత్తది వేస్తారు. ఎవరు బిగించారని అడిగితే, ఎవడో మెకానిక్కు అని చెప్పవచ్చు. నిజం చెప్పవలెనంటే, బట్టలు మార్చుకునేంతసేపు నేను ఈ దారినే ఆలోచిస్తున్నాను. నా భార్య ఏమీ అనలేదు. గాయపడిన నా చేతికి పసుపు అద్ది, "ఎండ ఎక్కకముందే పోయి రండి" అని మాత్రం అన్నది. ఎక్కడికో చెప్పలేదు.

నేను వేపచెట్టు దగ్గరికి నడిచి పోయినాను. అక్కడ కుఱ్ఱవాడు ఒక్కడే ఉన్నాడు. రెండవవాడు ఏడని అడిగితే, "పని తగ్గింది బాబూజీ, ఇంకొక చోట చేరాడు" అన్నాడు ఉస్తాద్. నా రెండు మాటలవల్లనే ఆయన పని తగ్గిందని అనుకోవడం కూడా ఒక విధమైన గర్వమే. కాని ఆ తగ్గినదానిలో నా పాలు లేదని అనలేను.

ఆయన పరికరాల సంచి సైకిలుకు తగిలించుకొని వచ్చాడు. నాకంటే పెద్దవాడు. అయినా బండి క్రిందకు నీటిలోకి చేప పోయినట్లు పోయినాడు. ఇనుప కుంచెతో బోల్టును శుభ్రం చేశాడు. చాలాసేపు చూచాడు. బలం పెట్టలేదు. ముందుగా ఆకురాయితో అరిగిన తలను కొద్దికొద్దిగా రాచి, పక్కలను సమం చేశాడు. తరువాత దానికంటే ఒక కొలత చిన్నదైన గోటీని, అనగా బోల్టు తలను చుట్టూ కప్పి పట్టే గిన్నెవంటి పానాను, సుత్తితో మెల్లగా కొట్టి తొడిగాడు. అది ఆరు మూలల గోటీ. "పన్నెండు మూలలది తొందరగా తగులుకుంటుంది, తొందరగానే జారుతుంది. ఇది పక్కలను పట్టుకుంటుంది, మూలలను కొరకదు" అని కుఱ్ఱవాడికి చెప్పాడు. నేను వాడిన పానాకు నోరు ఒక వైపు తెరచి ఉంటుంది. అది ఆరు పక్కలలో రెండింటిని మాత్రమే పట్టుకుంటుంది. చిక్కు ఎక్కడ వచ్చిందో నాకు అర్థమైనది. నా బలం చాలక కాదు, ఉన్న బలానికి సరియైన పట్టు లేక.

గోటీ తొడిగిన తరువాత దాని మీద సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ వేశాడు. బిగిసిన మరచుట్ల పట్టు ఆ అదురుకు సడలుతుందట. అప్పుడు పొడుగు పిడి అమర్చి, ఒక చేత్తో గోటీని కదలకుండా అదిమిపట్టి, రెండవ చేత్తో ఒక్క ఊపు ఊపాడు. ఎండుకొమ్మ విరిగినట్లు 'ఠక్' మన్నది. నా గుండె కూడా అట్లాగే అన్నది, విరిగిందేమోనని. విరగలేదు. విడింది. తరువాత చేతితోనే, బోల్టును లోపలికి నొక్కుతూ చివరి చుట్టు వరకు త్రిప్పి, ఒక్కసారిగా ప్రక్కకు లాగాడు. నల్లని ధార పళ్ళెంలో పడింది. ఆయన చేతికి ఒక్క చుక్క అంటలేదు.

బోల్టును వెలుతురుకు పట్టి చూచి, "చూడీ జిందా హై" అన్నాడు. హిందీలో మరచుట్టును 'చూడీ' అంటారు. గాజును కూడా అదే మాటతో అంటారు. యౌవనంలో ఒక హిందీ కథను తెనిగిస్తూ, యంత్రశాలలో పనివాడు 'చూడీ' పోయిందని చెప్పే చోట, వాడి భార్య గాజులు పగిలినట్లు వ్రాసి కన్నీరు కార్పించబోయినాను. అచ్చుయంత్రం వద్ద పనిచేసే ఒకాయన చిత్తుప్రతి చూచి నవ్వి సరిదిద్దాడు. మాటలు నేను ఎరుగుదునని అనుకున్నప్పుడెల్లా, వస్తువులను ఎరిగినవాడు ఒకడు నన్ను సరిదిద్దుతూనే ఉన్నాడు.

వాషరు కాగితంవలె పలుచనై, పగిలి ఉన్నది. ఉస్తాద్ దానిని అరచేతిలో పెట్టి నాకు చూపి అడిగాడు: "బాబూజీ, దీనిని బిగించినదెవరు?"

ఆయనకు తెలియక అడిగాడో, తెలిసే అడిగాడో నేను చెప్పలేను. కుఱ్ఱవాడు నా వైపు చూస్తున్నాడు. వసారాలో నా భార్య బియ్యం ఏరుతూ ఉన్నది, చేయి ఆగింది.

"నేనే బిగించాను ఉస్తాద్. గొట్టం పెట్టి బిగించాను. ఆనాడు మీరు చెప్పినది నేను వినలేదు. నలుగురిలో మిమ్మల్ని అనరాని మాటలన్నాను. బయట కూడా అన్నాను" అన్నాను. హిందీలో ఇన్నేళ్ళు వ్రాసినవాడిని, ఆ నాలుగు వాక్యాలు తడబడకుండా చెప్పలేకపోయినాను.

ఆయన కొంతసేపు ఊరుకొని, "చేతికి భయం పట్టినప్పుడు అట్లాగే బిగిస్తుంది" అన్నాడు. క్షమించానని అనలేదు. పరవాలేదని కూడా అనలేదు. లేచి, బండి ముందు రేకు ఎత్తి, గుడ్డతో ఇంజను పైభాగమంతా తుడిచి, ఇంజను నడపమన్నాడు. కొంతసేపటికి నన్ను పిలిచి వ్రేలితో చూపాడు. ఇంజను తల మీది కప్పు అంచున, 'టాపెట్ కవర్ ప్యాకింగ్' అనే రబ్బరు పట్టీ ఎండి బిరుసెక్కి ఉన్నది. ఆ సందునుండి సన్నని నూనె చార ఊరుతున్నది. అది ఇంజను ప్రక్కగా దిగి, చాంబరు అంచుపట్టి పోయి, అన్నిటికంటే పల్లంలో ఉన్న బోల్టు తల వద్ద చుక్కగా కూడుకుంటున్నది. దోషం పైన, చుక్క అడుగున. చూచేవాడికి అడుగున ఉన్నదే కనిపిస్తుంది గనుక నింద దానిమీదనే పడుతుంది. ఒక్క బోల్టు విషయంలోనే ఇట్లా జరుగుతున్నదా అని నేను ఆనాటినుండి అనేకమార్లు ఆలోచించాను.

కుఱ్ఱవాడు పోయి కొత్త బోల్టు, రాగి వాషరు, రబ్బరు పట్టీ తెచ్చాడు. ఈసారి బిగించే పని ఉస్తాద్ నా చేత చేయించాడు. ముందు వ్రేళ్ళతో, మరచుట్టు తప్పకుండా, ఆగేవరకు. తరువాత పొట్టి పానాతో, వాషరు నలుగుతున్నట్లు చేతికి తెలిసేవరకు. "బస్" అని ఆయన అన్నప్పుడు, ఇంకొంచెం త్రిప్పాలని నా చేయి కోరుకుంటూనే ఉన్నది. ఆ కోరికను ఆపుకోవడమే ఈ విద్యలో కష్టమైన భాగమని నాకు తోచింది.

పళ్ళెంలోని నూనె నల్లదనం చూచి నేను ముఖం చిట్లిస్తే ఆయన నవ్వాడు. ఇంజనులో పుట్టిన మసిని పేరుకోనీయకుండా తనలో పట్టి ఉంచినందుకే నూనె నల్లబడుతుందట. తెల్లగా ఉన్న నూనె పని చేయని నూనె అన్నాడు. దానిని మురుగుకాలువలో పోయనీయలేదు. పాత నూనె పోగుచేసేవారికి ఇస్తానని డబ్బాలో పోసి మూత బిగించాడు. 2016లో వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నియమాలు వాడిన నూనెను ఆ కోవలోనే చేర్చినాయి. ఆయన ఆ నియమాలు చదివి ఉండడు. అయినా చెరువుల ఊరిలో పుట్టి పెరిగినవాడికి, నూనె నీటిలో కలిస్తే ఏమవుతుందో ఒకరు చెప్పనక్కరలేదు.

ఆనాటి కూలితోపాటు, నిరుడు నేను తిరిగి తీసుకున్న డబ్బు కూడా ఇచ్చాను. వద్దంటాడేమో, వద్దంటే బలవంతపెట్టాలని సిద్ధపడ్డాను. ఆయన రెండింటినీ వేరువేరుగా లెక్కపెట్టి, "ఇది నేటిది. ఇది నాదే" అని జేబులో వేసుకున్నాడు. ఆ మాటతో నాకు కలిగిన ఊరట ఆయన వద్దన్నట్లయితే కలిగేది కాదు. దానం ఇస్తున్నానన్న భ్రమను కూడా ఆయన నాకు మిగల్చలేదు.

ఆ సాయంకాలం ఇరుగుపొరుగుల ఇళ్ళకు పోయినాను. అధ్యాపకుడు విని, "మంచిది, రేపే ఆయన వద్దకు పోతాను" అన్నాడు. పోయినాడు కూడా. ఎదురింటి పెద్దమనిషి మాత్రం టీ ఇచ్చి, నా కథంతా విని, "పోనిద్దురూ, ఏడాదినుండి ఇంకొక దుకాణం అలవాటైపోయింది. ఎవరైతేనేమి?" అన్నాడు. నేను అన్న మాట ఆయనకు ఇప్పుడు జ్ఞాపకం కూడా లేదు. దాని పని మాత్రం అది చేసుకొనిపోయింది. బిగించిన బోల్టును విప్పడానికి గోటీ ఉన్నది, సుత్తి ఉన్నది. అన్న మాటను విప్పడానికి పరికరమేదీ నాకు దొరకలేదు. మరొకసారి పోయి చెప్పాను. మరల కూడా చెబుతాను.

మరునాడు తెల్లవారకముందే లేచి ముంగిట చూచాను. నేల పొడిగా ఉన్నది. రేకు డబ్బా తీసివేశాను. నా భార్య ముగ్గును మరల పాతచోటికే జరిపింది. ఎదురింటాయన కారు మాత్రం ఇంకా ఆ రెండవ దుకాణానికే పోతున్నది.